రూపాయి పడుతోందని పొదుపంతా బంగారంలో పెట్టవచ్చా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, కిన్వట్ తాలూకా. 7 ఎకరాల్లో పత్తి వేస్తాం. మా వారికి ఎరువుల దుకాణం ఉంది. ఊళ్లో ఉద్దెర ఎప్పుడూ 3 లక్షలకు తగ్గదు. పోస్టాఫీసులో 4 లక్షల డిపాజిట్ గడువు తీరింది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5 వేలు సిప్ కడుతున్నాం. పంట రుణం లక్షన్నర ఉంది. వచ్చే జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజుకు లక్షన్నర కావాలి. ఇంట్లో 12 తులాల బంగారం ఉంది. ప్రపంచమంతా గందరగోళంగా ఉందని, రూపాయి పడిపోతోందని, సిప్ ఆపేసి ఉన్న డబ్బంతటితో బంగారం కొనమని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మరిది గారి భయానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలో వడ్డీ పెరిగినా, ఎక్కడైనా యుద్ధం వచ్చినా, పెద్ద మదుపు సంస్థలు మొదట మనలాంటి వర్ధమాన దేశాల నుంచే డబ్బు వెనక్కి తీసుకుంటాయి. ఆ డబ్బు డాలర్లుగా మారి బయటికి పోతుంది కనుక రూపాయి విలువ తగ్గుతుంది. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే మనకు డీజిల్, రవాణా ఖర్చుల భారం పెరుగుతుంది. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని సూచించినంత మాత్రానికే, రూ.55 దగ్గర ఉన్న డాలరు ఆగస్టు చివరికి రూ.68 దాటింది. అయితే అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. 2012–13లో కరెంటు ఖాతా లోటు (విదేశాల నుంచి వచ్చే రాబడి కంటే అక్కడికి పోయే చెల్లింపులు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) జీడీపీలో 4.8 శాతం ఉండగా 2024–25లో అది 1 శాతం లోపే ఉంది. విదేశీ మారక నిల్వలు 600 బిలియన్ డాలర్లు దాటాయి. రూపాయి క్రమంగా బలహీనపడటం వేరు, కుప్పకూలడం వేరు. రెండోది జరుగుతుందని ఊహించుకొని ఇంటి పొదుపును తలకిందులు చేయడం నాకు సమ్మతం కాదు.

మీ విషయంలో నన్ను ఆలోచింపజేసినది రూపాయి కాదు, మీ ఆదాయం. అందులో దాదాపు ప్రతి పైసా ఇప్పటికే ప్రపంచ మార్కెట్‌తో ముడిపడి ఉంది. 2025 ఆగస్టులో అమెరికా బట్టలు సహా మన సరుకులు చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అదే నెల 19 నుంచి కేంద్రం పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసి, ఆ మినహాయింపును ఆ ఏడాది డిసెంబరు 31 దాకా పొడిగించింది. మిల్లులకు విదేశీ దూది చౌకగా దొరికితే ఆ ఒత్తిడి మీ ఊరి అడ్తి వ్యాపారి చెప్పే ధరపై పడక మానదు. రూపాయి తగ్గితే దిగుమతి దూది ఖరీదవుతుంది కాబట్టి, పత్తి రైతుగా మీకు దానివల్ల కొంత మేలు కూడా ఉందన్న సంగతి మరవకండి. ఎరువుల దారి వేరు. డీఏపీ ఎరువులో సగానికి పైగా దిగుమతే అయినా, 50 కిలోల బస్తా రూ.1,350 దాటకుండా ప్రభుత్వం సబ్సిడీ భరిస్తోంది. అందువల్ల విదేశాల్లో ధర పెరిగినప్పుడు మీ దుకాణానికి ఆ దెబ్బ ఎక్కువగా సరుకు కొరత రూపంలో తగులుతుంది.

అసలు ప్రమాదం ఆ 3 లక్షల ఉద్దెరలో ఉంది. ఎకరాకు 5 క్వింటాళ్ల చొప్పున మీకు 35 క్వింటాళ్లు వస్తాయనుకుంటే, క్వింటాలుకు రూ.700 తగ్గినా మీ పొలం మీద పోయేది రూ.24,500. కానీ అదే ధర మీ దగ్గర ఎరువు తీసుకున్న ప్రతి రైతుకూ తగ్గుతుంది. వాళ్లు బాకీని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు, కంపెనీ డీలరుకు మాత్రం మీరు గడువులోగా కట్టాల్సిందే. పంట, దుకాణం రెండూ ఒకే ఏడాది దెబ్బ తినే ఇల్లు మీది. అందుకే ఈ 4 లక్షలు ఎట్టి పరిస్థితుల్లోనూ దుకాణం సరుకులోకి వెళ్లకూడదు. మీ వారితో ఈ మాట ఇప్పుడే ఖచ్చితంగా మాట్లాడుకోండి.

లక్షన్నరను మే నెలలో గడువు తీరేలా, మీ పేరిట బ్యాంకు డిపాజిట్‌లో పెట్టండి. అది ఫీజు డబ్బు. ఉద్యోగులకైతే 6 నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలంటాను, మీకు మాత్రం ఒక పంట కాలమంతా గడవాలి కాబట్టి 2 లక్షలను ఏడాది డిపాజిట్లుగా, 50 వేల చొప్పున 4 ముక్కలు చేసి ఉంచండి. అవసరమైనప్పుడు ఒక్కటే విరుచుకోవచ్చు. మిగిలిన 50 వేలు పత్తి ఏరే కూలీలకు. 2025–26కు మద్దతు ధర మధ్యస్థ పింజకు రూ.7,710, పొడవు పింజకు రూ.8,110, కానీ ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ పూర్తి ధర ఇచ్చేది తేమ 8 శాతం మించనప్పుడే, 12 దాటితే తీసుకోదు. కూలీ డబ్బు కోసం తడి పత్తిని వచ్చిన ధరకు అమ్ముకోకుండా, ఆరబెట్టి నిలిపే శక్తిని ఆ 50 వేలు ఇస్తాయి. బంగారం లాభంతో పోలిస్తే ఈ రాబడి చిన్నదిగా కనిపించవచ్చు గానీ, మీ అదుపులో ఉన్నది ఇదే.

బంగారం రూపాయి పతనానికి మంచి రక్షణే, ఎందుకంటే దాని ధర డాలర్లలో నిర్ణయమవుతుంది. ఆ రక్షణ 12 తులాల రూపంలో మీకు ఇప్పటికే ఉంది. 2011లో ఔన్సు 1,900 డాలర్లు తాకిన బంగారం 2015 చివరికి 1,050 దగ్గరకు పడింది. అటువంటి సమయంలో బంగారం అమ్మి ఫీజు కట్టాల్సి వస్తే, కొన్నప్పుడు పెట్టిన 3 శాతం జీఎస్టీ, తరుగు, మజూరీ పోను చేతికి వచ్చేది ఇంకా తక్కువ.

సిప్ 10 ఏళ్లకు పైబడిన అవసరం కోసమైతే ఆపవద్దు. 2020 మార్చి 23న 26 వేల దిగువకు పడిన షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఆ ఏడాది చివరికి 47 వేలు దాటింది. భయపడి మధ్యలో ఆపినవారికి ఆ పెరుగుదల అందలేదు. పంట డబ్బు రాని నెలల్లో 5 వేలు బరువైతే 2 వేలకు తగ్గించి, పత్తి అమ్మిన తర్వాత మిగతాది ఒకేసారి కట్టండి.

పంట రుణాన్ని ఈ డిపాజిట్‌తో ముందే తీర్చే పని లేదు. 7 శాతం వడ్డీలో సకాలంలో కట్టినవారికి 3 శాతం రాయితీ ఉంది. గడువు ఒక్కరోజు దాటినా అది పోతుంది. బ్యాంకుకు వెళ్లి ఆ గడువు తేదీని పాసుపుస్తకం మీద రాయించుకోండి.