8 ఏళ్ల లాబ్రడార్‌కు ప్రొస్టేట్‌లో సిస్టులు: ఆపరేషన్ తప్పదా, మాత్రలతో పోతుందా?

చిత్తూరు నుంచి మీరు అడిగింది చదివాను. 8 ఏళ్ల లాబ్రడార్, అంగం నుంచి అప్పుడప్పుడూ రక్తం చుక్కలు, స్కానింగ్‌లో ప్రొస్టేట్ (మూత్రసంచి మెడ దగ్గర ఉండే మగ గ్రంథి) పెరిగి లోపల సిస్టులు, అంటే నీటి తిత్తులు కనబడ్డాయి. డాక్టర్ గారు వృషణాలు తీసేయాలన్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో ఈ వయసులో పాపం, మాత్రలిస్తే పోదా అంటున్నారు. ఇదే కదా సంగతి?

నేను డాక్టర్‌ని కాదండీ. తిరుపతిలో ఉంటాం, మా జర్మన్ షెపర్డ్ రాజుకు ఇదే జబ్బు వచ్చింది. నన్నడిగితే, సిస్టులు చిన్నవై గ్రంథి లోపలే ఉంటే మాత్రల జోలికి పోకుండా ఆపరేషనే చేయించండి.

మా ఇంట్లోనూ పెద్ద గొడవే అయింది. "రక్తం పడేది ఒకచోట, కోసేది ఇంకోచోటా? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుంది" అని మా నాయన కోప్పడ్డాడు. అయితే ఇక్కడ ముడి నిజంగానే ఉంది. వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టిరాన్, ప్రొస్టేట్‌లోకి వెళ్లి ఇంకో ఘాటైన హార్మోనుగా మారుతుంది. గ్రంథిని ఏళ్ల తరబడి పెంచేది అదే. అట్లా పెరిగినప్పుడు లోపలి సన్నటి గొట్టాలు మూసుకుపోయి, ద్రవం బయటికి రాలేక తిత్తులు కడుతుంది. అందుకే ఆపరేషన్ చేయించని మగకుక్కల్లో, వయసు పైబడ్డాక ఇది మామూలు జబ్బు. హార్మోను ఆగితే గ్రంథి దానంతటదే కుంచించుకుపోతుంది. సుమారు మూడు వారాల్లో సగానికి, రెండు నెలలు దాటేసరికి 70 శాతం దాకా తగ్గుతుందని అంటారు. లోపలి చిన్న సిస్టులు చాలావరకు దాంతోపాటే పోతాయి.

మావాడికి మొదట కనబడింది రక్తం కాదు. విరేచనానికి కూర్చుని ముక్కుతూనే ఉండేవాడు, వచ్చేది రిబ్బన్‌లా చదునుగా వచ్చేది. పెరిగిన ప్రొస్టేట్ పైనున్న పెద్దపేగును నొక్కితే అట్లా అవుతుందట. ఇంటి దగ్గర క్లినిక్‌లో మలబద్ధకమని సిరప్ ఇచ్చారు. రక్తం మొదలయ్యాక యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఐదు రోజుల యాంటీబయాటిక్ రాశారు. తగ్గడం, మళ్లీ రావడం, మళ్లీ అదే కోర్సు. చివరికి ఇక్కడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి, అంటే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల దానికి తీసుకెళ్లాం. గ్లోవ్ వేసుకుని వెనక నుంచి వేలితో చూడగానే ప్రొస్టేట్ పెరిగిందన్నారు, స్కానింగ్‌లో సిస్టులు తేలాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ డాక్టర్ గారిని తప్పకుండా అడగండి. ఆ సిస్టుల్లోని ద్రవంలో ఇన్ఫెక్షన్ ఉందా? ఉంటే ముందు దాని పని పట్టాలి. అన్ని యాంటీబయాటిక్‌లూ ప్రొస్టేట్‌లోకి దిగవు. దిగే రకం చూసి, కల్చర్ (ద్రవంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి ఏ మందుకు లొంగుతాయో చూసే పరీక్ష) రిపోర్టును బట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు వాడాల్సి ఉంటుంది. ఐదు రోజుల కోర్సులు మావాడికి ఎందుకు పని చేయలేదో నాకు అప్పుడు అర్థమైంది. జ్వరం, కడుపు ముట్టుకుంటే మూలగడం, తిండి మానేయడం ఉంటే చీము పట్టిందేమోనని అనుమానించాలి. మూత్రం అసలు రాకపోతే ఇక తెల్లారే దాకా ఆగొద్దు.

మాత్రల విషయానికొస్తే, ఫినాస్టెరైడ్ అని ఉంది. మగవాళ్లకు ప్రొస్టేట్‌కూ, జుట్టు రాలడానికీ ఇచ్చేదే. కుక్కల్లోనూ పని చేస్తుంది, గ్రంథి తగ్గుతుంది. కానీ ఆపిన కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలు వేయించాలనుకునే కుక్కకో, మత్తు తట్టుకోలేని కుక్కకో సరే, మీవాడికి జీవితాంతం ఎందుకు? పైగా ఇంట్లో గర్భిణులుంటే ఆ మాత్ర విరిచిన ముక్కలు, పొడి ముట్టుకోకూడదు. మెడికల్ షాపులో అడిగి డోసు మీరే వేయడం మాత్రం వద్దు. అట్లాగే నొప్పిగా ఉందని మనం వేసుకునే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి, కుక్కలకు అవి ప్రమాదం.

సిస్టు గ్రంథి బయట పెద్దగా పెరిగితే కథ వేరు. అది వృషణాలు తీసినంత మాత్రాన పోదు. స్కానింగ్‌లో చూస్తూ సూదితో నీళ్లు లాగొచ్చు గానీ మళ్లీ నిండే అవకాశం ఎక్కువ. అప్పుడు పొట్ట కోసి, సిస్టును వీలైనంత తీసేసి, మిగిలిన ఖాళీలో పేగుల మీదుండే కొవ్వుపొరను అమర్చి కుడతారు. ఆ పొర ద్రవాన్ని పీల్చుకుంటుంది. మీ రిపోర్టులో సిస్టు సైజు, గ్రంథి లోపలా బయటా అన్నది రాసి ఉందో లేదో చూసుకోండి. రెండు వృషణాలూ కిందికి దిగి ఉన్నాయా అన్నది కూడా. కడుపులోనే ఉండిపోయిన వృషణంలో గడ్డ వచ్చి, దానివల్ల కూడా ప్రొస్టేట్‌లో సిస్టులు రావొచ్చు.

వయసు గురించి టెన్షన్ సహజమే, కానీ 8 ఏళ్లకు మత్తు ఇవ్వకూడదని ఏమీ లేదు. కిడ్నీ, లివర్, గుండె చూస్తారు. మన వైపు పిడుదులు ఎక్కువ కాబట్టి ప్లేట్‌లెట్లు కూడా చూపించండి, పిడుదుల జ్వరంలో అవి పడిపోతే కోసినప్పుడు రక్తం ఆగదు. కిడ్నీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, కొండ మీది ప్రసాదమని లడ్డూ ముక్క కుక్కకు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది.

విత్తులు కొడితే కాపలా కాయదని మా నాయన బెంగ. ఇప్పటికీ గేటు చప్పుడైతే వీధంతా లేపుతాడు మా రాజు. ఆపరేషనైన కొద్ది రోజులకే రక్తం ఆగింది, విరేచనం మామూలైంది, తర్వాతి స్కానింగ్‌లో సిస్టులు దాదాపు లేవు. లావు మాత్రం అయ్యాడు. లాబ్రడార్ అయితే ఇంకా త్వరగా అవుతుంది కాబట్టి పెరుగన్నం కొలత ఆ రోజు నుంచే తగ్గించండి. కుట్లు నాకకుండా మెడకు కోన్ కట్టక తప్పదు.

చిత్తూరులో కల్చర్ సౌకర్యం దొరక్కపోతే తిరుపతికి రండి, దాదాపు 70 కిలోమీటర్లే. పాత చీటీలు, స్కానింగ్ ఫిల్ము, ఏ యాంటీబయాటిక్ ఎన్నాళ్లు వాడారో రాసిన కాగితం తెచ్చుకోండి. యాంటీబయాటిక్ వాడుతుండగా కల్చర్‌కిస్తే ఫలితం సరిగ్గా రాకపోవచ్చు, కాబట్టి బయలుదేరే ముందే మీ డాక్టర్ గారిని ఫోన్‌లో అడగండి.