చేతులు తొడగని కోటు

తమ్ముడూ,

కథ అందింది, రెండుసార్లు చదివాను. దొర పట్నంలో కాపురం, పొలాలు పల్లెలో, నడుమ గుమాస్తా చేతివాటం. సరుకు మంచిదే. కానీ కథ చెప్పే జీతగాడు మొదటి పేజీ నుంచే దొరను దులిపేస్తున్నాడు. నాలుగో పేజీకి వాడి గొంతు పోయి నీ గొంతే మిగిలింది. నేనూ తక్కువ తినలేదులే. నా తొలి కథలో భూస్వామి చేత అడుగడుగునా మీసం మెలేయిస్తే, సంపాదకుడు ‘మీసం కనబడింది, మనిషి కనబడలేదు’ అని తిప్పి పంపాడు.

మరియా ఎడ్జ్‌వర్త్ అని ఐర్లండ్ రచయిత్రి. 1800లో ‘కాజిల్ రాక్‌రెంట్’ అనే చిన్న నవల పేరు వేసుకోకుండా అచ్చేయించింది. రాక్‌రెంట్ అంటే రైతుకు ఏమీ మిగలకుండా పిండే కౌలు. ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు దొరలు ఆస్తినెలా తగలేశారో వాళ్ల ముసలి నౌకరు థాడీ చెబుతాడు. ఒక్కర్నీ తిట్టడు, పొగుడుతాడు! ఒక దొరగారు 49 వ్యాజ్యాలు నడిపి 17 తప్ప ఒక్కటీ ఓడలేదని మురిసిపోతాడు. కౌలుతోపాటు రైతులు ఇచ్చుకోవలసిన కోళ్లు, బాతులు, టర్కీలు తినేకొద్దీ వస్తుండేవని, అమ్మగారి వంటిల్లు దాదాపు ఖర్చు లేకుండానే నడిచేదని అదో గొప్పగా చెబుతాడు. ఆ దొరల్లోనే మరొకడు, సర్ కిట్, ఇంగ్లండ్‌లోని బాత్ పట్నంలో జూదమాడుతూ డబ్బు పంపమని ఉత్తరం మీద ఉత్తరం రాస్తాడు. ఇక్కడ ఏజెంటు రైతుల్ని పిండుతుంటాడు. థాడీ లెక్కలో తప్పంతా ఏజెంటుదే. పెళ్లికాని ఒంటి మనిషి, అంత డబ్బు దొరేం చేసుకుంటాడు పాపం అంటాడు. ఆ అమాయకత్వం ముందు నీ రెండు పేజీల తిట్లు ఏ మూలకి?

ఈ వివరాలు ఆవిడకు పుస్తకాల్లో దొరకలేదు. 1782లో, పద్నాలుగేళ్ల వయసులో, తండ్రితోపాటు లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని సొంత ఎస్టేటుకు వచ్చి కౌలు లెక్కలు రాసింది. తమ దివాణంలో పనిచేసే జాన్ లాంగన్ మాట తీరును ఇంట్లో వాళ్ల ముందు అనుకరించి నవ్వించేది. థాడీ గొంతు అలా పుట్టిందే. తనూ దొరబిడ్డేనని మరిచిపోకు. దొరతనం పోవాలని ఆవిడ కోరుకోలేదు, దొర ఊళ్లో ఉండి చూసుకోవాలనుకుంది. 1812లో వచ్చిన ‘ది ఆబ్సెంటీ’ (ఊళ్లో ఉండని దొర అని) నవల నిండా ఆ పాఠమే. అందులో లండన్ చేరిన దొరసాని తన ఐరిష్ యాసను దాచుకోబోయి అక్కడివాళ్ల ముందు నవ్వులపాలవుతుంది. ఆ భాగం అద్భుతం. మిగతాది, నా మట్టుకు, కాస్త బడిపంతులు వ్యవహారం.

థాడీ కోటు సంగతి చూడు. ఏడేళ్లనాటి పొడుగు కోటు. మెడ దగ్గర ఒకే గుండీ మీద వేలాడుతుంటుంది. చేతులు ఎన్నడూ తొడగడు గనక అవి మాత్రం కొత్తవాటిలా ఉన్నాయంటాడు. వాడి బతుకంతా అందులోనే కనబడుతుంది. అయినా ఆవిడ దాని కింద ఐరిష్‌వాళ్ల పైవస్త్రాల చరిత్ర మీద ఇంత పొడవు ఫుట్‌నోటు వేసింది, పుస్తకం చివర పదకోశమూ పెట్టింది. ఇంగ్లండ్ పాఠకుల కోసం ఆ పాట్లు. నువ్వు మీ ఊరి మాటలకు వేసిన అర్థాలు ఎవరికోసం? కొట్టెయ్.

ఇంకొకటి. థాడీ కొడుకు జేసన్ చదువుకున్నవాడు. మొదట ఏజెంటు కౌలు లెక్కలకు ఊరికే నకళ్లు రాసిపెట్టాడు, పైసా పుచ్చుకోలేదు. తర్వాత వకీలయ్యాడు. చివరికి ఆస్తంతా వాడి చేతికే వచ్చింది. వాడి పనులతో నాకు సంబంధం లేదని చేతులు దులుపుకుంటాడు ముసలాయన. అందులో బాధ ఎంతో, గర్వమెంతో ఇప్పటికీ నాకు తేలలేదు.

నీ కథలో దొర, గుమాస్తా, జీతగాడు ఉన్నారు. జీతగాడికి కొడుకున్నాడా? వాడేం చదివాడు, గుమాస్తా ఇంటికి ఎందుకు వెళ్లొస్తున్నాడు? రాసి పంపు.

మీ అన్న