విక్టోరియా రాణి కాలంలో రైతు ఇంట అవసరం కోసం పెళ్లి: అమ్మాయి డబ్బు ఎవరిదయ్యేది?

ఇంగ్లండ్‌లో అప్పుల్లో కూరుకుపోయిన కౌలు రైతు కాస్త డబ్బున్న అమ్మాయిని చేసుకుంటే, ఆ డబ్బు ఎవరిదయ్యేదని అడిగారు. అది పెళ్లి ఏ సంవత్సరంలో జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

1870కి ముందైతే ఆమె తెచ్చిన నగదు, పశువులు, సామాను పెళ్లితోనే భర్త సొంతం. అతని అప్పులవాళ్లు వాటిని జప్తు కూడా చేయించుకోవచ్చు. ముందే లాయరుతో ట్రస్టు పత్రం (ఆమె ఆస్తిని ఆమె కోసం వేరేవాళ్ల చేతిలో ఉంచే పత్రం) రాయించుకుంటే రక్షణ ఉండేది కానీ, చిన్న రైతు ఇంటి పిల్లకు ఆ ఖర్చు ఎవరు పెడతారు? 1870 చట్టం ప్రధానంగా ఆమె సంపాదనను కాపాడింది. 1883 జనవరి 1 నుంచి జరిగిన పెళ్లిళ్లలో మాత్రం ఆమె ఆస్తి ఆమెదే.

రైతుకు ఆ డబ్బు అవసరం ఊరికే రాలేదు. 1879లో వానలకు పంట పోయింది, అమెరికా గోధుమలు చవగ్గా దిగాయి. 1894కి క్వార్టరు (సుమారు 220 కిలోల) గోధుమలు సుమారు 23 షిల్లింగులకు పడిపోయాయి.

డబ్బు కన్నా మనిషి సాయం కోసం చేసుకున్నవాళ్లూ ఉన్నారు. వెన్న తీయాలి, కోళ్లు చూడాలి, తల్లి లేని పిల్లల్ని సాకాలి. నన్ను బాగా బాధపెట్టేది ఇదే: భార్య పోయిన రైతు, ఆ పిల్లల్ని పెంచుతున్న భార్య చెల్లెల్ని చేసుకుందామన్నా 1907 దాకా అక్కడి చట్టం ఒప్పుకోలేదు. మన ఊళ్లలో అలాంటి పెళ్లిని ఎవరూ తప్పుపట్టరు.