బుజ్జీ, పిక్కలు పట్టేసినయా? ఇట్ల చేసి చూడు

బుజ్జీ, కేబీఆర్ పార్క్ చుట్టూ పరిగెత్తి వచ్చినంక మెట్లు దిగాలంటే ప్రాణం పోతుంది మామయ్యా అన్నవు కదా, భయపడకు. నెక్లెస్ రోడ్డు చదునుగ ఉంటది, జూబ్లీహిల్స్ వైపు అట్ల కాదు, అంతా ఎత్తుపల్లాలే, పల్లానికి దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువు ఆపాలి, దానికే తొడలు బాగా దెబ్బతింటయి. అందుకే నొప్పి ఒకరోజు ఆగి వస్తది, రెండు మూడు రోజులు గట్టిగనే ఉంటది. జిమ్‌ల అందరూ ఈ నొప్పి కండరంల లాక్టిక్ యాసిడ్ పేరుకొని వస్తది అంటరు, నమ్మకు, అది పరుగు ఆపినంక గంటా రెండు గంటల్లనే పోతది. మసాజ్ చేస్తే బిగుసుకున్న కండరం వదులైతది, నొప్పి కొంత తగ్గుతది, అంతే, అది చాలు కూడా.

వేడినీళ్ల స్నానం చేసినంక నువ్వుల నూనె గోరువెచ్చగ చేసుకొని కూర్చో. మోకాలు మడిచి పాదం నేలకు ఆనిచ్చు, పిక్క వదులుగ ఉండాలె, కాలు బిగబట్టి ఎంత రుద్దినా లాభం లేదు. మడమ నుంచి మోకాలి వైపు రెండు అరచేతులతో మెల్లగ పైకి పోనియ్యి, ముందు తేలికగ, కాలు వేడెక్కినంక కొంచెం గట్టిగ. ముడి లెక్క తగిలిన చోట బొటనవేలు పెట్టి అరనిమిషం ఆపు, ఊపిరి వదులుతూ ఉండు. నొక్కుతుంటే నొప్పిలనే హాయి తెలవాలె, పళ్లు కొరుక్కునే అంత నొక్కితే కండరం ఇంకా బిగుసుకుంటది. తొడలకు చపాతీ కర్ర చాలు, అరికాలి కింద టెన్నిస్ బాల్ పెట్టి దొర్లించు.

ఇప్పుడు మోకాలి సంగతి, ఇది మాత్రం మంచిగ విను. మోకాలు నొస్తుందని అందరూ చిప్ప మీదనే నూనె పోసి రుద్దుతరు, చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటది. చిప్పను లాగి పట్టుకునేది తొడ ముందువైపు కండరం, అది బిగిస్తే భారం చిప్ప మీద పడతది, కాబట్టి తొడను వదులు చెయ్యి, చిప్పను వదిలెయ్యి. మోకాలి వెనక గుంటల అసలు నొక్కొద్దు, అక్కడ నరాలు, రక్తనాళాలు పైపైనే ఉంటయి.

ఒక్క పిక్కే వాచి, ఎర్రగ అయి, ముట్టుకుంటే వేడిగ ఉంటే చెయ్యి కూడా వెయ్యకు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పో. ఎముక మీద ఒకటే చోట చురుక్కుమంటే పరుగు ఆపి చూపించుకో. మూత్రం డికాక్షన్ రంగుల వస్తే కూడా ఆగొద్దు, నేరుగ హాస్పిటలే. చీలమండ బెణికితే మొదటి రెండు మూడు రోజులు రుద్దొద్దు.

ఆగస్టుల హైదరాబాద్ మారథాన్‌ల పది కిలోమీటర్ల పరుగుకు పేరిస్త అన్నవు, అక్కడ కూడా ఎక్కుడు దిగుడే ఉంటది, ఈ వారం మాత్రం వాకింగ్‌తో సరిపెట్టు. కండరాల కింద పెట్టి దొర్లించే ఫోమ్ రోలర్ కొనకు, నా దగ్గర ఉన్నది ఆదివారం తీసుకొస్త.

మామయ్య