పారడాక్స్ ప్రశ్నలో సరైన ఆప్షన్‌ను ఎలా పట్టుకోవాలి?

పారడాక్స్ ప్రశ్నలో పైకి ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే రెండు విషయాలు ఇచ్చి, అవి ఎలా కుదిరాయో అడుగుతారు. ఆ రెండూ నిజమేనని ఒప్పుకుని, అవి ఒకేసారి ఎలా సాధ్యమయ్యాయో చెప్పే ఆప్షన్‌నే ఎంచుకోవాలి. ఎంబీఏ ప్రవేశాలకు రాసే జీమ్యాట్ లాంటి పరీక్షల్లో వచ్చే ఈ ప్రశ్నల్లో అసలు వైరుధ్యం ఉండదు. మధ్యలో ఒక సమాచారం చెప్పకుండా వదిలేస్తారు, అంతే.

ఉదాహరణకు, 1973లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పీజీకి దరఖాస్తు చేసిన మగవాళ్లలో సుమారు 44 శాతం మందికి సీటొస్తే, ఆడవాళ్లలో 35 శాతం మందికే వచ్చింది. విభాగాలవారీగా చూస్తే మాత్రం చాలాచోట్ల ఆడవాళ్లకు అన్యాయం జరిగినట్టు కనబడలేదు. ‘ఎవరికైనా సీటు కష్టమైన విభాగాలకే ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేశారు’ అనే ఆప్షన్‌తో రెండూ అతుకుతాయి. ‘మగవాళ్ల దరఖాస్తులు దాదాపు రెట్టింపు’ అన్నదీ నిజమే, చూడ్డానికి బాగానే ఉంటుంది కూడా. కానీ అది శాతాల్లో తేడాను వివరించదు.

చాలామంది రెండింటిలో ఒకటి తప్పని తేల్చే ఆప్షన్ కోసం వెతుకుతారు. ఇంకొందరు, పేరాలో లేని కొత్త విషయం కదా అని సరైన జవాబునే కొట్టేస్తారు. ఆప్షన్లను నిజమనుకోమని ప్రశ్నే చెబుతుంది కాబట్టి ఇక్కడ కొత్త సమాచారం రావడం మామూలే.