జర్మనీలో కాగితాల చిక్కు: అబ్బాయిని వెనక్కి పిలిపించాలా?

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నేను ప్రభుత్వ స్కూల్లో టీచర్‌ని. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ చేసి, ఎంఎస్ కోసం అక్టోబరులో జర్మనీ వెళ్లాడు. మనవైపు అబ్బాయి ఒకరు అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో ఒక గదిలో ఉంటున్నాడు. నెలలు గడిచినా అడ్రస్ రిజిస్ట్రేషన్ కాలేదు, బ్యాంకు ఖాతా లేదు. వీసా కోసం మేం కట్టిన డబ్బు ఇంకా వాడి చేతికి అందలేదు. వీసా గడువు మార్చి నెలాఖరుకు అయిపోతుంది. ఆఫీసుకు మెయిల్ పెడితే జవాబు రాదంటాడు. ఫోన్ చేస్తే ‘నావల్ల కాదమ్మా, వచ్చేస్తా’ అంటున్నాడు. తెలిసిన నాయకుడితో ఎంబసీకి లెటర్ పెట్టిస్తే పని అవుతుందా? లేక ఉగాదికి పిలిపించి, ఇక్కడే గ్రూప్-2కి చదివించమంటారా?

జవాబు: టీచర్ గారూ, లెటర్ వద్దు, పిలిపించడమూ వద్దు. మీరు చెప్పినవి నాలుగు సమస్యల్లా కనిపిస్తున్నాయి కానీ, నిజానికి ఒకే కాగితం దగ్గర మొదలయ్యాయి.

జర్మనీలో కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇది అయితేనే ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. చాలా బ్యాంకులు ఖాతాకు అడిగేదీ, వీసా ఆఫీసు చూసేదీ ఈ కాగితమే. నమోదుకు వెళ్లేటప్పుడు ‘ఈయన మా ఇంట్లో ఉంటున్నాడు’ అని ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన ఫారం తీసుకెళ్లాలి. మీ అబ్బాయి బండి ఇక్కడే ఆగి ఉంటుందని నా అనుమానం. గది ఇచ్చిన అబ్బాయి అసలు ఓనరుకు చెప్పకుండా ఇచ్చి ఉంటే, సంతకం పెట్టడానికి భయపడతాడు. మనవాళ్ల మధ్య ఇది మామూలే. మొహమాటం పక్కనపెట్టి సూటిగా అడగమనండి. గదిని తిరిగి అద్దెకిచ్చిన వ్యక్తే ఆ సంతకం పెట్టొచ్చు, ఇవ్వడం అతని బాధ్యత కూడా. కుదరదంటే గది మారడమే మేలు. యూనివర్సిటీ హాస్టల్ వెయిటింగ్ లిస్టులో పేరు ఎలాగూ ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో ‘అడ్రస్ ఇస్తాం, ఇన్ని యూరోలు’ అనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఉండని ఇంటికి ఇలా కాగితం ఇచ్చేవాళ్లకు అక్కడి చట్టంలో 50,000 యూరోల దాకా జరిమానా ఉంది.

ఇక నమోదుకు కావాల్సిన అపాయింట్‌మెంట్. మన 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో ఎలా అయిపోతాయో మీకు చెప్పక్కర్లేదు, అక్కడి స్లాట్లదీ అదే తీరు. కాకపోతే వాళ్లు రద్దయినవాటిని మళ్లీ వదులుతుంటారు కాబట్టి పొద్దున ఆఫీసు తెరిచే వేళకు చూస్తుండాలి. చాలా పెద్ద నగరాల్లో ఊళ్లోని ఏ శాఖలోనైనా నమోదు చేసుకోవచ్చు, ఇంటి పక్కదే కానక్కర్లేదు. స్లాట్ దొరక్క ఆలస్యమైతే సాధారణంగా ఇబ్బంది పెట్టరు, అయినా ప్రయత్నించిన స్క్రీన్‌షాట్లు దాచుకోమనండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది: పోస్టు డబ్బా. అక్కడ ఫ్లాట్ నంబరు చూసి ఉత్తరం వేయరు, డబ్బా మీద పేరు చూసి వేస్తారు. మీ అబ్బాయి పేరు లేకపోతే బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ఆఫీసు జవాబు అన్నీ వెనక్కి పోతాయి. ‘జవాబే ఇవ్వలేదు’ అనుకుంటున్నవాటిలో కొన్ని ఇలా తిరిగిపోయి ఉండొచ్చు. పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, ఈ రోజే అంటించమనండి. మన సర్టిఫికెట్లలో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండటం కూడా అక్కడ తలనొప్పే. కాబట్టి ప్రతిచోటా పాస్‌పోర్టు స్పెల్లింగే వాడాలి.

డబ్బు విషయం. స్టూడెంట్ వీసాకు చూపించే 11,904 యూరోలు నెలకు 992 చొప్పున విడుదలవుతాయి, అవి పడటానికి అక్కడి ఖాతా కావాలి. చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా, స్థిరమైన చిరునామా లేకపోయినా, ప్రాథమిక ఖాతా తెరవాలని 2016 నుంచి జర్మనీలో చట్టం ఉంది. బ్యాంకులో ‘బాసిస్‌కోంటో’ కావాలని ఆ పేరుతోనే అడగాలి. మామూలు ఖాతాకు కాదన్న బ్యాంకు కూడా దీనికి ఫారం ఇవ్వాల్సిందే.

మీరు నిజంగా టెన్షన్ పడాల్సింది మార్చి గడువు గురించి ఒక్కటే. రెసిడెన్స్ పర్మిట్ (వీసా అయ్యాక అక్కడ ఉండేందుకు అనుమతి) దరఖాస్తు వీసా గడువు ముగిసేలోపు వీసా ఆఫీసుకు చేరాలి. ఈమధ్య చాలా నగరాలు ఆన్‌లైన్లోనే తీసుకుంటున్నాయి. అడిగిన కాగితాల్లో ఒకటి తక్కువున్నా ఆగకుండా పంపి, ‘ఇది తర్వాత జత చేస్తాను’ అని రాయొచ్చు. గడువులోపు దరఖాస్తు చేసినవాళ్లకు నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులు కొనసాగుతాయి. దానికి రుజువుగా ఫిక్షియోన్స్‌బెషైనిగుంగ్ అనే పత్రం ఇస్తారు. అది చేతికి రాకుండా ఉగాదికి టికెట్ కొంటే, తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలోనే ఆపేయొచ్చు. ఈసారి పండగ వీడియో కాల్‌లోనే కానివ్వండి.

నాయకుడి లెటర్ సంగతి: మన ఎంబసీ పాస్‌పోర్టు వంటి పనులు చూస్తుంది. జర్మన్ మున్సిపల్ ఆఫీసుకు ఆదేశాలు ఇవ్వలేదు. అక్కడ ఉపయోగపడేది యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ ఆఫీసు. ఊళ్లో ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో వాళ్లకు తెలుసు, కొన్నిచోట్ల వాళ్లే ఫోన్ చేసి మాట్లాడతారు కూడా. ఆ మెట్టు ఎక్కకుండానే మన పిల్లలు సీనియర్ల గ్రూపుల్లో రాత్రంతా కూర్చుంటారు. వీసా రాగానే ఫోన్ ఎత్తడం మానేసే మన ఊరి కన్సల్టెన్సీలు కూడా కనీసం ఈ ముక్క చెప్పి పంపితే బాగుండు.

ఒక మాట మీకు. రోజూ ‘అయిందా?’ అని అడగడం ఆపండి. వారానికోసారి, ఏ కాగితం ఎక్కడుందో మాత్రం అడగండి.

గ్రూప్-2 ఆలోచన ఇప్పుడొద్దు. చదువు నచ్చక వస్తానంటే అది వేరే చర్చ, కానీ మీరు రాసినదాంట్లో చదువు మీద ఒక్క ఫిర్యాదూ లేదు. కోర్సు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ 18 నెలల దాకా పర్మిట్ ఇస్తారు. మెకానికల్ వాళ్లకు ఆ సమయంలో అడ్డు తగిలేది ఎక్కువగా భాషే. ఈ సెమిస్టర్ నుంచే యూనివర్సిటీలో జర్మన్ క్లాసులో చేరి, చదువు అయ్యేలోగా బి1 (భాషలో మధ్యస్థాయి) దాటితే చాలు, ఆఫీసు కౌంటర్ దగ్గరా తడబడడు.