చెప్పి వెళ్ళు చిన్నీ

చిన్నీ,

మళ్ళీ ఆఫీసులో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. నీ 26 వారాల ప్రసూతి సెలవయ్యేసరికి బుజ్జిదానికి ఆర్నెల్లు నిండుతాయి. పిల్లలకు నావాళ్ళు, పరాయివాళ్ళు అన్న తేడా తెలిసొచ్చేది అప్పట్నుంచే.

పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టడం నీకు చెప్పక్కర్లేదు. ఆయాను మాత్రం రెండు వారాల ముందే పెట్టుకో, నువ్వుండగానే అలవాటవ్వాలి.

నేను చేసిన తప్పు విను. మీ అన్నయ్యకు అప్పుడు పది నెలలు, చెన్నై పెరంబూరులో ఉండేవాళ్ళం. పొద్దున్నే పక్కింటి తమిళ అవ్వ వాణ్ణి వరండాలోకి తీసుకెళ్ళి కాకిని చూపించేది. అదే అదనుగా చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి గుమ్మంలోంచి జారుకునేదాన్ని. ఏడుపు వినపడకపోతే చాలనుకున్నా. నెల తిరిగేసరికి వాడు కాకిని చూడ్డం మానేసి నన్నే చూడసాగాడు. నేను కొప్పు ముడిస్తే చాలు, పాక్కుంటూ వచ్చి కుచ్చిళ్ళు పట్టేవాడు. నిద్రలోనూ పైటకొంగు పిడికిట్లోనే. మెల్లగా లాగినా కళ్ళు తెరిచేవాడు. పిచ్చిదాన్ని, విసుక్కున్నానమ్మా! అమ్మ ఎప్పుడు మాయమవుతుందో వాడికేం తెలుసు? ఈ సంగతి వాడికి ఇంతవరకూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

తర్వాత బాల్వాడీ ట్రైనింగులో మేరీ ఎయిన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త గురించి చదివాను. ఏడాది పిల్లల్ని గదిలో ఉంచి, తల్లిని కాసేపు బయటికి పంపి చూసిందావిడ. ఏడ్చారా లేదా అన్నదానికంటే, అమ్మ తిరిగొచ్చాక ఎలా దగ్గరికి చేరారన్నదే ముఖ్యమట. చంకెక్కి, ఊరడిల్లి, మళ్ళీ ఆటకు దిగితే ఆ బిడ్డకు అమ్మ మీద నమ్మకం ఉన్నట్టు. అది చదివాక గుర్తొచ్చింది, సాయంత్రం రాగానే నేను తిన్నగా వంటింట్లోకి పోయేదాన్నని.

అందుకే ముద్దుపెట్టి, 'వెళ్ళొస్తా' అని దానికి చెప్పి మరీ కదులు. ఏడిస్తే ఏడవనీ, మెట్ల దాకా వెళ్ళి నాలుగుసార్లు వెనక్కి రాకు. సాయంత్రం బ్యాగు పడేసి ముందు దాన్నెత్తుకో, కుక్కరు తర్వాత.

ఆయాను చూసి కేరింతలు కొడితే కుళ్ళుకోకు. స్కాట్లాండులోని గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు 60 మంది పసివాళ్ళను గమనించి, చూసింది 1964లో అచ్చువేశారు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది అమ్మ ఒక్కదానితోనే కాదు, ఇంకొందరితోనూ మాలిమి అయ్యారు. మీ ఆయన్నీ ఎత్తుకోమను, ఫోను పక్కన పడేసి.

ఆదివారం వేళచేరి వస్తున్నా. నన్ను చూసి ఏడిస్తే బలవంతంగా నా ఒళ్ళో వెయ్యకు. కాస్త ఎడంగా కూర్చుని గాజులు గలగలలాడిస్తూ ఉంటాను, అదే వస్తుంది.

మీ పెద్దమ్మ